మచ్చల విమానాలు

బొబ్బిలి అనగానే ఎవరైనా వీణ గురించే అడుగుతారు. మా నాన్న వీణలు చేసేవాడు. చిన్నప్పుడు నేనూ బొమ్మ వీణలకి రంగులు వేశాను. కానీ నా బతుకు గడిచింది వీణలతో కాదు, విమానాలతో. చెక్క విమానాలు, అద్దాల బీరువాలో పెట్టుకునే సైజువి. వరసకి మావ అయ్యే అప్పలనాయుడు ఊరి చివర షెడ్డు వేసి, గుమ్మడి టేకు చెక్కతో విమానాలు చెక్కించి, రంగులు వేయించి, విశాఖపట్నం ఏజెంటు ద్వారా బయటి దేశాలకి పంపేవాడు. రంగుల షెడ్డు నేను చూసుకునేదాన్ని. నా పేరు పైడితల్లి.

వేళ్ళ కీళ్ళు పట్టేస్తున్నాయని కిందటేడు పని మానేశాను. ఇప్పుడు షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు ఇంటికొచ్చి "పెద్దమ్మా, ఈ పనిలో కిటుకేటి?" అని అడుగుతున్నారు. కిటుకులు షెడ్డులో ఉన్న గౌరి నేర్పుతాది, నాకంటే బాగా నేర్పుతాది. నేను రాసేది వేరే. ఈ పనిలో నాకు గుర్తుండిపోయిన మనుషుల గురించి రాస్తాను.

మచ్చల పని అంటే

మాకు వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలే. వాటిలో అందరూ భయపడేవి జర్మనీ వాళ్ళ ఫైటర్లు, అందులోనూ యుద్ధం ఆఖరి రోజుల్లోవి. నూటతొమ్మిది, నూటతొంభై అని నంబర్లతో పిలుచుకునేవాళ్ళం.

యుద్ధ విమానానికి రంగు అందానికి వెయ్యరు, దాక్కోడానికి వేస్తారు. పైనుంచి చూసేవాడికి అడవిలోనో పొలంలోనో కలిసిపోవాలి కాబట్టి రెక్కల పైన ముదురు రంగులు. కిందనుంచి చూసేవాడికి ఆకాశంలో కలిసిపోవాలి కాబట్టి పొట్ట కింద లేత నీలం. ఈ రెండూ కలిసే చోటు, అంటే ఒంటికి రెండు పక్కలా, మచ్చలు. ఆ మచ్చలకి అంచు ఉండకూడదు. తడిగోడ మీద పాకురు ఎక్కడ మొదలైందో చెప్పలేం కదా, అలా ఉండాలి. రంగు మజ్జిగలా పలచన చేసుకుని, చిన్న స్ప్రే గన్నుతో గాలి కొడుతూ, మణికట్టు ఆపకుండా తిప్పుతూ వెయ్యాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే రంగు కారిపోతుంది. దూరం ఎక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. ఇది చెబితే రాదు, చేస్తే వస్తుంది.

యుద్ధం మొదట్లో విమానాలకి ఒక పద్ధతి ఉండేది, ఇన్ని బూడిద రంగులు, ఇలా గీతలు అని. ఆఖరికి వచ్చేసరికి ఫ్యాక్టరీల మీద బాంబులు పడుతున్నాయి. పనిని ముక్కలు చేసి అడవుల్లో షెడ్లలోకి, కొండ సొరంగాల్లోకి పంపేశారు. రెక్క ఒక చోట, తోక ఇంకో చోట. దొరికిన రంగు కొట్టి పంపేవారు. అందుకే ఒకే విమానం మీద రెండు రకాల పచ్చ, పక్కనే గోధుమలో వంగపండు కలిపినట్టుండే రంగు, పొట్ట కింద రంగే లేకుండా ఉత్త రేకు. ఇవన్నీ మావ కూతురు సుధ పుస్తకాల్లో చదివి చెప్పేది. డిగ్రీ చదివింది, బయటి దేశాల ఉత్తరాలన్నీ ఆమే చూసేది.

మొదట్లో నాకు ఆ విమానాలంటే చిరాకు. "ఇలా అతుకులబొంతలా ఎవడు సేసాడే?" అని తిట్టుకునేదాన్ని. ఎవరు చేశారో నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

మావ కన్ను

అప్పలనాయుడు మావ మంచి పనివాడు, మంచి యజమాని. ఆడవాళ్ళకి మాస్కులు కొనిచ్చి, పెట్టుకోకపోతే కేకలేసేవాడు. కానీ లేత నీలం మాత్రం ఎవర్నీ కలపనిచ్చేవాడు కాదు. "ఆ రంగు నా కంట్లో ఉన్నాదే" అనేవాడు. అసలు రంగు పూసి ఉంచిన నమూనా చెక్క పక్కన పెట్టుకునేవాడు కూడా కాదు.

కొన్నేళ్ళకి ఆ నీలం నెమ్మదిగా ముదురుతూ వచ్చింది. ఏ రెండు విమానాలు పక్కపక్కన పెట్టినా తెలిసేది కాదు. పాత పీసు ఒకటి తెచ్చి పెడితే తెలిసిపోయేది. పాతది పొద్దున్న ఆకాశంలా ఉంది, కొత్తది పంచాయతీ నీళ్ళ ట్యాంకులా ఉంది. షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఏజెంటు ఫోన్ చేసి కస్టమర్లు గొణుగుతున్నారని చెబితే, మావ ఏజెంటు మీదే ఎగిరిపడ్డాడు.

నాకు మొదట గర్వమేమో అనిపించింది. ఒకరోజు మధ్యాహ్నం ఊరికే మాట కలుపుతున్నట్టు పాత పీసూ కొత్త పీసూ ఆయన ఎదుట పెట్టి, "మావా, ఇందులో ఏది బాగున్నాది?" అని అడిగాను.

రెండూ చేతిలోకి తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "రెండూ ఒకటే కదే" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఇది గర్వం కాదు, ఆయనకి కనిపించడం లేదు. అక్కడే అందరి ముందూ అంటే ఆయన పరువేం కావాలి? సాయంత్రం ఇంటికెళ్ళి అత్తతో చెప్పాను. రాత్రి బండి మీద వచ్చేటప్పుడు ఎదర లైట్లు చెదిరిపోతున్నాయంటున్నాడని అత్త కూడా చెప్పింది. ఇద్దరం కలిసి, అత్త కంటికే చూపించాలని వంక పెట్టి, ఆయన్ని విజయనగరం కంటాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ అత్తని చూసి పంపేసి, మావని కూర్చోబెట్టింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు.

ఒక కంటికి ముందు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక వద్దంటున్నా వినకుండా నల్లద్దాలు పెట్టుకుని షెడ్డుకి వచ్చాడు. బల్ల మీద ఆరుతున్న విమానాలు వరసగా ఉన్నాయి. అద్దాలు తీసి ఒక కన్ను మూశాడు, తెరిచాడు. రెండోది మూశాడు. మళ్ళీ మొదటిది. మేమంతా గన్నులు ఆపేసి నిలబడిపోయాం.

"ఒసే పైడితల్లీ, ఈ కంటికి ఒక నీలం, ఆ కంటికి ఒక నీలం ఉన్నాదే" అన్నాడు.

నావైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే నమ్ముదువా మావా?" అన్నాను.

"నమ్మకపోదును" అని ఒప్పుకున్నాడు. తర్వాత అక్కడున్న పీసులన్నిటికీ పొట్ట కింద రంగు గీకించాడు. ఆ రోజు నుంచి నీలం కలిపే గిన్నె పక్కన నమూనా చెక్క లేకుండా ఆయన కూడా కలపలేదు.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. రంగుని గుర్తుపెట్టుకోగలమని అనుకోవద్దు. కన్ను మనకి తెలియకుండానే మారిపోతుంది. పెద్దవాళ్ళు తప్పు చేస్తుంటే, అది పొగరో ఇబ్బందో ముందు తేల్చుకోండి. చాలాసార్లు పొగరు కాదు.

తోక మీద గుర్తు

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని గురించి కొత్తవాళ్ళందరూ అడుగుతారు. ఆ జర్మనీ విమానాల తోక మీద ఒక గుర్తు ఉంటుంది. చూడ్డానికి మన స్వస్తిక్ లాగే, కొంచెం వాలి ఉంటుంది.

మావ ప్రతి పార్సెల్ పెట్టె మీదా కుంకుమతో స్వస్తిక్ వేసేవాడు, సరుకు క్షేమంగా చేరాలని. ఒకసారి ఒక కస్టమరు పెట్టె తీసుకోకుండా ఫొటో తీసి పంపాడు. చాలా కోపంగా రాశాడు. మావ బాగా నొచ్చుకున్నాడు. "మా అమ్మ గుమ్మం మీద వేసింది, మా తాత వీణ పెట్టె మీద వేసాడు. తప్పేటి?"

సుధ ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆ వాలిన గుర్తు కింద ఎన్ని లక్షల మందిని చంపారో, పిల్లల్ని కూడా రైళ్ళలో ఎక్కించి ఎలా తీసుకెళ్ళారో చెప్పింది. మావ విన్నాడు. "అయితే ఆడికి అది సూస్తే ఆళ్ళోళ్ళు గుర్తొస్తార్రా పాపం" అన్నాడు. పెట్టెల మీద వెయ్యడం మానేశాడు. ఇంటి గుమ్మం మీద మానలేదు.

తోక మీద మాటకొస్తే, మ్యూజియం వాళ్ళు ఉన్నది ఉన్నట్టు కావాలంటే వేసేవాళ్ళం. చరిత్రని తుడిచేస్తే అబద్ధమే అవుతుంది. ఒకాయన మాత్రం ఆ గుర్తుని అసలుకంటే పెద్దగా, మెరిసేలా వెయ్యమన్నాడు. ఆ ఆర్డరు మేం తీసుకోలేదు. పనివాడికి కూడా వద్దనే హక్కు ఉంది. దాన్ని తరచూ వాడకండి, కానీ ఉందని మర్చిపోకండి.

ఓల్గా అడిగిన విమానం

నీనా అనే ఆమె నుంచి సుధకి ఒక ఉత్తరం వచ్చింది. నూటతొమ్మిది కావాలి, ఆఖరి రోజులది. పైలట్ నంబరు వద్దు. తోక మీద గుర్తు వద్దు. రెక్కలకి ఒక పచ్చ, ఒంటికి ఇంకో పచ్చ. పొట్ట కింద రేకు రంగు. ఇంతవరకు సరే. తర్వాత రాసింది చదివి సుధ ఆగిపోయింది. ఎడమ పక్క మచ్చలు ఒక చేతివి, కుడి పక్క మచ్చలు ఇంకో చేతివి అయ్యుండాలట.

ఏజెంటు వినగానే వద్దన్నాడు. "గుర్తుల్లేవు, రెండు పక్కలూ రెండు రకాలు. సూసినోళ్ళు క్వాలిటీ లేదంటారు. నా పేరు పోతాది."

మావ కూడా నసిగాడు. "ఆమె ఎవరో, ఎందుకడిగిందో తెలుసుకుందాం" అన్నాను. సుధ వీడియో కాల్ పెట్టించింది.

ఫోన్‌లో మంచం మీద దిండ్లకి ఆనుకుని ఒక ముసలమ్మ కనిపించింది. నీనాకి అమ్మమ్మ, పేరు ఓల్గా. ఊపిరి తీసుకోడానికే ఆయాసపడుతోంది. ఆమె మాట నీనా ఇంగ్లీషులో చెబితే, సుధ మాకు తెలుగులో చెప్పింది.

ఓల్గాది జర్మనీ కాదు. దూరాన తూర్పున ఒక పల్లెటూరు. జర్మనీ సైన్యం వచ్చినప్పుడు ఊళ్ళో వయసు పిల్లల్ని రైలెక్కించి పనికి తీసుకుపోయారు. అడవిలో ఒక షెడ్డు. విమానాల ఒళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. ఎడమ పక్క ఓల్గా రంగు కొట్టేది, కుడి పక్క మార్తా అనే అమ్మాయి. ఇద్దరూ ఒకే రైల్లో వచ్చారు, ఒకే చెక్క మంచం మీద పడుకునేవారు. మధ్యలో విమానం ఉండేది కాబట్టి పని చేసేటప్పుడు ఒకరికొకరు కనిపించేవారు కాదు. గన్ను చప్పుడులోనే నెమ్మదిగా పాట పాడుకునేవారట.

"పుస్తకాల్లో ఆ మచ్చలకి ఏదో లెక్క ఉందని రాస్తారు" అంది ఓల్గా. "మాకేం లెక్కలేదు. చలికి చేతులు బిగుసుకుపోయేవి. రంగు చాలదని నీళ్ళలా పలచన చేసేవాళ్ళం. ఎప్పుడు సూప్ ఇస్తారా అని చూస్తూ వేసేవాళ్ళం."

అతుకులబొంత అని నేను తిట్టుకున్న మాట గుర్తొచ్చి తల దించుకున్నాను.

"మార్తా ఎలా వేసేదో చూపించగలవా అమ్మా?" అని అడిగించాను.

ఓల్గా దుప్పట్లోంచి చెయ్యి తీసింది. ముందు కుడిచేత్తో, పైనుంచి కిందికి, విసురుగా. "ఇది నేను." తర్వాత ఎడమచెయ్యి ఎత్తింది. కిందనుంచి పైకి, చుట్టు తిప్పుతూ, దీపం ముందు హారతి తిప్పినట్టు. "ఇది మార్తా. ఆమెది ఎడమచేతి వాటం. అందుకు మేస్త్రీ కొట్టేవాడు. కుడిచేత్తో పట్టుకునేది, వాడు వెళ్ళగానే మళ్ళీ మార్చేసేది."

మార్తాకి ఆ చలికాలం దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున్న ఆమెని మంచం మీంచి లేపి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి కుడి పక్క ఇంకో అమ్మాయిని నిలబెట్టారు.

"మార్తా వేసిన పక్క నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు" అంది ఓల్గా. "నేను ఎడమ పక్కే ఉండేదాన్ని కదా. మా పని అయిపోగానే విమానాన్ని తోసుకుపోయేవారు. పోయేటప్పుడు ఒక్క క్షణం కనిపించేది. అది చూడాలని ఉంది."

కాల్ ఆగిపోయాక మావ ఏజెంటుకి ఫోన్ చేశాడు. "మీకు వద్దైతే మానీండి. మేమే కొరియర్లో పంపుకుంటాం" అని పెట్టేశాడు.

గౌరి

ఇప్పుడు గౌరి గురించి చెప్పాలి. శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. వాళ్ళ నాన్న పడవ మీద వేటకెళ్ళేవాడు. పెళ్ళయి బొబ్బిలి వచ్చి, మొదట ఒక వీణల షెడ్డులో చేరింది. అక్కడ ఎడమచేత్తో వీణ ముట్టుకుందని పెద్దాయన ఒకడు అందరి ముందూ కసిరాడట. మా దగ్గరికి వచ్చేసరికే కుడిచెయ్యి అలవాటు చేసుకుంది. మా బల్లలూ, కంప్రెసర్ గొట్టాలూ అన్నీ కుడిచేతి వాళ్ళకి తగ్గట్టే ఉండేవి. పని శుభ్రంగా చేసేది కానీ బిగుసుకుపోయి చేసేది. అన్నం మాత్రం గోడవైపు తిరిగి తినేది.

ఆ రోజు ఓల్గా ఎడమచెయ్యి ఎత్తినప్పుడు గౌరి మా వెనక నిలబడి ఉంది. అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, ఆ పక్క నానేస్తాను."

"నీకు ఎడమసేత్తో గన్ను అలవాటు లేదు కదే?"

"సేతికి అలవాటే. నానే దాసుకున్నాను."

మర్నాడు మావా నేనూ కలిసి ఒక బల్ల అటు తిప్పాం. గొట్టం రెండో పక్కకి మార్చాం. గౌరి పాడైన పీసుల మీద ప్రాక్టీసు మొదలుపెట్టింది. మొదట్లో రంగు కారింది, ముద్దలు కట్టింది. సుధ ఇచ్చిన విమానం బొమ్మ చూసి మచ్చ చూసి, మళ్ళీ బొమ్మ చూసి వేస్తోంది. అలా వేస్తే మచ్చ అతికించినట్టుంటుంది. ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. ఆఖరికి ఆమే బొమ్మ తీసి అవతల పెట్టేసి, వాళ్ళ ఊళ్ళో వల లాగేటప్పుడు పాడేదేదో గొంతులోనే పాడుకుంటూ కొట్టింది. చెయ్యి వదులైంది. మచ్చలు కిందనుంచి పైకి, చుట్టు తిరిగి, పొగ లేచినట్టు లేచాయి. మావ గుమ్మంలోంచి చూసి లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. ఆయనకి బాగా నచ్చితే అలాగే వెళ్ళిపోతాడు.

అసలు పీసు ఇద్దరం ఒకే రోజు వేశాం. ఒకేసారి వెయ్యడానికి కుదరదు, చిన్న పీసు. ముందు ఎడమ పక్క నేను. అడుగు రంగు కనిపించేంత పలచగా, తొందరగా, పైనుంచి కిందికి. ఇన్నేళ్ళూ నేర్చుకున్న నీటుతనమంతా పక్కన పెట్టి వెయ్యాల్సొచ్చింది. మంచి పని చెయ్యడంకంటే చలికి వణికే చేతిలా చెయ్యడం కష్టమని అప్పుడు తెలిసింది. ఆరాక గౌరి కుడి పక్క వేసింది. నేను ఇవతలి పక్కనే కూర్చున్నాను. ఆమె ఏం వేస్తోందో నాకు కనిపించలేదు, గన్ను చప్పుడూ పాటా మాత్రం వినిపించాయి.

ఓల్గా ఆరోగ్యం బాలేదని నీనా రెండుసార్లు ఫోన్ చేసింది. పెట్టె దారిలో ఉన్నన్నాళ్ళూ షెడ్డులో ఎవరికీ మనసు మనసులో లేదు. ఒక సాయంత్రం సుధ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "వదినా, అందింది! పెట్టె విప్పుతన్నారు, రండి!"

నీనా విమానం తీసి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. ఎడమ పక్క చూసి ఓల్గా నవ్వింది. "నాదే. ఎంత గాబరాగా వేశానో చూడు." నీనా నెమ్మదిగా అటు తిప్పింది.

ఓల్గా నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూసింది. వేళ్ళతో మచ్చల మీదుగా కిందనుంచి పైకి నిమిరింది. ఏదో అంది. అది మాకెవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు, మార్తా అనే మాట మాకూ అర్థమైంది. తర్వాత ఇది ఎవరు వేశారని అడిగింది.

మేం గౌరిని ముందుకి తోశాం. సిగ్గుపడిపోతూ, రంగు మరకలున్న ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. అవతల ఓల్గా తన చెయ్యి అలాగే ఎత్తింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అలా చేతులెత్తుకుని ఉండిపోయారు.

ఎండలు ముదిరే రోజుల్లో నీనా దగ్గర్నుంచి కబురొచ్చింది. ఓల్గా నిద్రలోనే పోయిందట. విమానం మంచం పక్క బల్ల మీదే ఉండేదట. నర్సు దుమ్ము తుడిచి ఎటు పెట్టినా, ఓల్గా చెయ్యి చాపి మళ్ళీ తిప్పుకునేదట, కుడి పక్క తనవైపు ఉండేలా.

సుధ చదివి వినిపిస్తుంటే గౌరి గన్ను కడుగుతోంది. కడగడం ఆపి తలెత్తింది.

"ఎన్నాళ్ళకి సూసిందప్పా, ఆ పక్క" అంది.